తాళంచెవి ఎవరి దగ్గర?

"ఇంకా చెయ్యి పెట్టలేదా పుష్పా? చెప్పి గంటయినాది!"

సోలార్ పార్కులో రిపేరు మేస్త్రి సుంకన్నకు ఇది వరసగా రెండో షిఫ్టు. నిలబడే ఓపిక కూడా లేదు. లైన్‌లో కరెంటు ఆపి, మళ్లీ ఎవరూ వేయకుండా స్విచ్చు డబ్బాకు తాళం వేసి, కాలిన కేబుల్ మార్చే పని తన కింద పనిచేసే పుష్పావతికి అప్పజెప్పాడు. ఆమె కేబుల్ పక్కన ఊరికే కూర్చుని ఉంది.

"తాళంచెవి యాడుండాది మామా?"

"నా జేబులో. నమ్మకం లేదా?"

"ఉండాది. కానీ తీగ మీద ఉండేది నా చెయ్యి."

"ఆరేండ్లుగా ఇట్లనే చేస్తాండాం."

"మొన్న పావగడ పోతా నాకు గొర్రెలు అప్పజెప్పినావే, వాటిని తోలే కట్టె నువ్వు తీసకపోయినావా?"

సుంకన్న విసుగ్గా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కొంగున ముడేసుకుని పనిలో దిగింది.

కాసేపటికి కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్.

"సుంకన్నా, లైన్ ఇచ్చేయప్పా."

"ఆఁ, ఇస్తాండా సార్."

కాళ్లు అలవాటుగా డబ్బా దగ్గరికి నడిచాయి. చెయ్యి జేబులోకి పోయింది. జేబు ఖాళీ.

వెనక్కి తిరిగాడు. పుష్పావతి రెండు చేతులూ తీగల మధ్య ఉన్నాయి.

సుంకన్న ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకున్నాడు.

"సార్... తాళంచెవి నా దగ్గర లేదు. పుష్పావతిని అడగల్ల."