నాలుగు వేళ్ళ ఎత్తు

పగలాలి. తగిలితే చాలు, పగిలిపోయేదే కావాలి. కానీ ఆ మాట ఫిట్టర్‌తో ఎలా అనడం?

"నా మాట వినండి సార్, ఈ రబ్బరుది తీసుకోండి," అంటున్నాడు ఫిట్టర్. స్పోర్ట్స్ కారు ముందు బంపరు కింద పెదవిలా బిగించే లిప్పులు రెండు బల్ల మీద ఉన్నాయి. ఒకదాన్ని విల్లులా వంచి వదిలాడు. "చూశారా? స్పీడ్ బ్రేకరుకి గీరుకున్నా దీనికేం కాదు."

"మరి రెండోది?"

"అది కార్బన్ ఫైబర్. చూడ్డానికి బాగుంటుంది, అంతే. బిగిస్తే కింద నాలుగు వేళ్ళ ఎత్తే మిగులుతుంది. గట్టిగా ఒక్కటి తగిలిందంటే టప్పుమంటుంది. ఇక బండిని నత్తలా నడుపుకోవాలి."

"నత్తలానా?" ఆయన ముఖం వెలిగిపోయింది. "నిజంగానా?"

ఆ మాటకి వెలిగిన ముఖాన్ని ఫిట్టర్ తన సర్వీసులో చూడలేదు. "బండి మీదేనా సార్?" అన్నాడు అనుమానంగా.

"మావాడిది. పుట్టినరోజు కానుక. లేచేలోపు తీసుకెళ్ళి పెట్టేయాలి. అదే బిగించండి."

కొడుక్కి ఆ కారంటే ప్రాణం. తన ప్రాణమంటేనే లెక్కలేదు. బానెట్ మీద దుమ్ము పడితే సొంత చొక్కా అంచుతో తుడుస్తాడు, మలుపులో బ్రేకు మాత్రం తొక్కడు. బీమా ఆఫీసులో ఆయన బల్ల మీదికి రోజూ నుజ్జయిన కార్ల ఫొటోలు వస్తాయి. ఒక్కో ఫొటోలో ముందు రంగు చూస్తాడు, తర్వాత నంబరు చూస్తాడు, ఆ తర్వాతే ఊపిరి పీల్చుకుంటాడు.

ఫిట్టర్ బంపరు అడుగుని స్పిరిట్‌తో తుడిచి, లిప్పుని ముందు టేపుతో నిలబెట్టి చూశాడు. "ఆ కొస పట్టుకోండి సార్. పైకి కాదు, లోపలికి నెట్టండి."

ఆయన గొంతుక్కూర్చుని పట్టుకున్నాడు. వేళ్ళ కొసలతోనే. ఇది మోసం కాదా? నోటితో చెప్పాల్సింది స్క్రూలతో చెప్పించడం కాదా?

"పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు అంత భయమేంటి సార్? గట్టిగా పట్టుకోండి, వంకర పోతుంది!"

పదకొండు స్క్రూలు. ఒక్కొక్కటీ బిగుసుకుంటుంటే ఆయన గుండెల్లో ఒక్కో మర వదులవుతున్నట్టనిపించింది. చివర ఫిట్టర్ స్టీరింగుని ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పి, టైరుకి ఎక్కడా రాసుకోవడం లేదని చూసి, చేతులు దులుపుకున్నాడు. "తర్వాత నన్ను తిట్టుకోకూడదు మరి."

ఇంట్లో భార్య కిటికీలోంచి ఓసారి చూసి మూతి విరిచింది. "బండికి నగలు చేయించుకొచ్చారా? దానికి బదులు, మెల్లగా వెళ్ళరా అని వాడితో ఒక్క ముక్క చెప్పొచ్చుగా."

"వందసార్లు చెప్పాను."

"ఎప్పుడండీ? మీలో మీరేనా?"

నిజమే. భోజనాల దగ్గర ఆ మాట రోజూ నాలుక చివరిదాకా వస్తుంది. నోరు తెరిస్తే, "ఆ ఉప్పు ఇలా అందుకోరా" అని బయటపడుతుంది.

"నాన్నా!" వాకిట్లోంచి కొడుకు అరుపు. "కార్బన్ ఫైబరే! నువ్వా? నువ్వే కొన్నావా?" పరుగెత్తుకొచ్చి వాటేసుకున్నాడు. ఎన్నేళ్ళయిందో వాడలా వాటేసుకుని. ఆ చేతుల మధ్య ఆయన దొంగలా నిలబడ్డాడు.

వాళ్ళ వీధిలో ఏడు స్పీడ్ బ్రేకర్లు. మర్నాడు పొద్దున ఆయన బాల్కనీలో నిలబడి చూశాడు. మొదటిదాని దగ్గర కారు ఆగింది. ఏటవాలుగా తిరిగి, ఒక్కో చక్రాన్నీ చీమలా ఎక్కించి దించింది. రెండోదాని దగ్గర కొడుకు దిగి, వంగి చూసుకుని, మళ్ళీ ఎక్కాడు. వెనకనుంచి సైకిలు మీద ఒక ముసలాయన బెల్లు కొట్టుకుంటూ దాటి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఆయనకి అన్నం సయించింది. ఆఫీసులో ఫొటోలు వట్టి ఫొటోల్లాగే కనిపించాయి.

ఎనిమిదో రోజు ఆయన ఆఫీసుకి బయల్దేరేసరికి కారింకా వాకిట్లోనే ఉంది. కొడుకు తీరిగ్గా అద్దాలు తుడుస్తున్నాడు.

"ఇంకా వెళ్ళలేదేంరా? ఇంత మెల్లగా వెళ్ళేవాడివి, ముందే బయల్దేరాలిగా?"

"ఆ బాధ తీరిపోయింది నాన్నా. నువ్విచ్చినదానికి గీత పడకుండా వేరే దారి పట్టుకున్నా. వెనక సందులోంచి నేరుగా హైవే. నలభై కిలోమీటర్లు, చుట్టూ తిరుగుడే. అయితేనేం, ఒక్క బ్రేకరుంటే ఒట్టు. రోడ్డు అద్దంలా ఉంది. నిన్న టైము చూశాగా, పదహారు నిమిషాలు!"

ఆయన బుర్ర అడక్కుండానే భాగహారం చేసేసింది. గంటకి నూటయాభై.

నోరు తెరిచాడు. "గొడుగు పెట్టుకున్నావా?" అని వచ్చింది.

"ఇంత ఎండలో గొడుగేంటి నాన్నా!" నవ్వుతూ కొడుకు ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఇంజను అందుకుంది.

ఆయన చేతిలో సంచీ గోడ పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి దానిమీద పెట్టి, నడిచి వెళ్ళి, ఇస్త్రీ బట్టలతోనే గేటుకి అడ్డంగా నేల మీద పడుకున్నాడు.