సగం తిప్పిన తాళం

కారు మళ్ళీ ‘టిక్ టిక్’మని ఊరుకుంది.

"ఈ వారంలో ఇది మూడోసారి!" స్టీరింగ్ మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు భర్త. "స్టీరియో పెట్టించినప్పట్నించీ ఇదే గోల. ఆ బిగించినవాడు ఏ వైరు తీసుకెళ్ళి దేనికి తగిలించాడో గానీ, తెల్లారేసరికి బ్యాటరీ మొత్తం తాగేస్తోంది."

గుమ్మంలో నిలబడ్డ భార్య పెదవి విప్పలేదు. క్యారేజీ తెచ్చి బానెట్ మీద ఠపీమని పెట్టింది.

"అబ్బో, కోపమే! ఆదివారం చూపిస్తాలే. ఇవాళ్టికి బస్సులో పోతాను." తాళం ఆమె చేతిలో పడేసి, క్యారేజీ అందుకుని పరుగెత్తాడు.

ఆదివారమట, ఆదివారం! అలాంటి ఆదివారాలు మూడు వెళ్ళిపోయాయి. అసలు పాటంటేనే పడని మనిషికి స్టీరియో ఎందుకంట? పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఒక్క కూనిరాగం తీసిన పాపాన పోలేదు. అలాంటివాడు నిక్షేపంలాంటి పాత రేడియో పీకించేసి, పెన్ డ్రైవ్ పెట్టుకునే కొత్తది బిగించుకొచ్చాడు. అప్పట్నించీ ఆఫీసు నుంచి వచ్చి సరాసరి ఇంట్లో అడుగు పెట్టడం మానేశాడు. షెడ్డులో కారాపి, అద్దాలన్నీ ఎత్తేసి గంటసేపు అందులోనే మకాం. తర్వాత పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని, ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చి "టీ ఉందా?" అంటాడు.

మొన్న సాయంత్రం ఆరేసిన బట్టలు తీసే వంకతో ఆమె కారు పక్కకి వెళ్ళింది. అద్దం వెనక ఆడగొంతు! మాటలు సరిగా అందలేదు గానీ, ఆగకుండా గలగలా సాగిపోతోంది. మధ్యమధ్య నవ్వు. ఒక్క ముక్క మాత్రం స్పష్టంగా చెవిన పడింది.

"ఏవండీ!"

ఆమెకి ఒళ్ళు భగ్గుమంది. తన మొగుణ్ణి ‘ఏవండీ’ అనడానికి అదెవతె? ఆయనగారేమో సీటు వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని మురిసిపోతున్నాడు. తన ఎదుట కూర్చుని అలా మురిసిపోయింది ఎప్పుడో ఆమెకి గుర్తే లేదు. ఆమె నీడ అద్దం మీద పడగానే ఉలిక్కిపడి టక్కున ఆపేశాడు. ఆ రాత్రి ఆమెకి కంటి మీద కునుకు లేదు. ఆ మనిషి ఎలా ఉంటుందో ఏమో, ఆమె అసూయంతా గొంతు మీదే. అలాంటి గొంతుంటే ఏ మగాడైనా ఇల్లు మర్చిపోడూ! తలచుకున్నప్పుడల్లా కుళ్ళికుళ్ళి ఏడ్చింది.

అందుకే ఇవాళ తాళం చేతికి రాగానే కారులోకి తొంగిచూసింది. హడావుడిలో పెన్ డ్రైవ్ తీసుకోవడం మర్చిపోయాడు. వెంటనే చెల్లెలికి మెసేజ్ పెట్టింది: ‘ఇవాళ తేలిపోవాలి. ఎలక్ట్రీషియన్‌ని తీసుకురా.’

పక్క వీధి చెల్లెలు అరగంటలో ఊడిపడింది. వెనకే నెరిసిన మీసాల ఎలక్ట్రీషియన్, ఒక చేతిలో మీటరు, ఇంకో చేతిలో ఛార్జి పెట్టిన బ్యాటరీ.

"చూడు బాబాయ్, మా అక్క తరఫున నేనే అడుగుతున్నా. ఈ బ్యాటరీని తినేస్తున్నదేంటో ఇవాళ నువ్వు తేల్చు. తర్వాత మా బావ సంగతి నేను తేలుస్తా."

"నాకు కారు సంగతి చాలమ్మా," అంటూ ఆయన బానెట్ ఎత్తాడు. తెచ్చిన బ్యాటరీ పెట్టి, ఒక వైరు విప్పి మధ్యలో మీటరు కలిపాడు. "ఇప్పుడు అన్నీ ఆపేసి ఉన్నాయి. అయినా దొంగతనంగా ఎక్కడన్నా కరెంటు పోతుంటే ఈ ముల్లు చెప్పేస్తుంది."

ముల్లు పిసరంత కదిలి ఆగింది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూశాడు. స్టీరియో ఫ్యూజు పీకినా ముల్లులో పెద్ద తేడా లేదు.

"స్టీరియో ఏ పాపమూ ఎరగదమ్మా. వైరింగు బ్రహ్మాండంగా ఉంది."

"మరి బ్యాటరీ ఎలా చస్తోంది?" అంది చెల్లెలు.

"ఎవరో ఇంజనాపేసి, తాళం సగం తిప్పి, గంటలు గంటలు వింటున్నారు. అసలే పాత బ్యాటరీ, పాపం ఎంతకని తట్టుకుంటుంది?"

"విన్నావా అక్కా! నేను ముందే అనలా?" చెల్లెలు నడుం బిగించింది. "పెట్టు బాబాయ్, ఆ మహాతల్లి ఎవరో మేమూ వింటాం."

ఎలక్ట్రీషియన్ ఇబ్బందిగా మీటరు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఒకరి కాపురంలో వేలు పెట్టడం ఆయనకి ఇష్టం లేదు. చివరికి ఆమే తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూర్చుంది. తిప్పితే తన కాపురం ఏమైపోతుందో! తిప్పకపోతే ఈ అనుమానంతో రోజూ చావాలి. పళ్ళ బిగువున తాళం సగం తిప్పింది.

నీలం దీపం వెలిగింది. ఆడగొంతు కారంతా నిండింది.

"ఏవండీ, వచ్చేటప్పుడు వంటింటి బల్బు తెండి. నిన్నా చెప్పాను, మర్చిపోయారు. వింటున్నారా? ఎక్కడ వింటారు! నేనిక్కడ వసపిట్టలా వాగుతుంటాను, మీరక్కడ ఫోను బల్ల మీద పెట్టి ఊఁ కొడుతుంటారు. ఏంటీ, ఇప్పుడు ఊఁ అనడం కూడా బరువైందా?" ఒకటే నవ్వు. "సరే, ఇంకోసారి చెప్తా. బల్బు!"

తిట్టడానికి నోరు తెరిచిన చెల్లెలు చప్పున అక్క వైపు తిరిగింది. ఎలక్ట్రీషియన్ ఆపబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. చెల్లెలు మెల్లగా వచ్చి అక్క భుజం పట్టుకుంది.

ఆరేళ్ళ కిందట ఆపరేషన్‌లో ఆమె పోగొట్టుకున్న తన గొంతే అది.