నలభై ఒక్క పేర్లు

కమిటీ హాలు బయట బెంచీ మీద కూర్చుని, మాస్టారు నర్సమ్మ కోటుకి గుండీ కుడుతున్నాడు. కోటు ఆమె ఒంటి మీదే ఉంది. వేళ్లు మాత్రం ఎక్కడా తడుముకోవడం లేదు.

"నిజం చెప్పండి మాస్టారూ. బళ్లో పాఠాలు చెప్పేవారా, పంట్లాలు కుట్టేవారా?" అంది నర్సమ్మ.

"మా ఊరి దర్జీ పనమ్మా ఇది. పడవలో మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం."

నర్సమ్మ నాలిక కరుచుకుంది.

ఆ పడవ సంగతి శరణార్థుల సంఘంలో తెలియనివాళ్లు లేరు. ఎక్కింది నలభై ఇద్దరు. ఒడ్డుకు కొట్టుకొచ్చింది ఒక్కరు. అతని మెడలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో తడవని కాగితాలు, కాగితాల్లో బడిపంతులు ఉద్యోగం. అప్పట్నుంచీ ఊరంతటికీ మాస్టారే. ఆయన ముందు ఎవరూ 'పనిలో మునిగిపోయాం' అని కూడా అనరు. 'పనిలో పడ్డాం' అని సర్దుకుంటారు.

ఆయన సంఘానికి అధ్యక్షుడు, ఆమె కార్యదర్శి. సొంత దేశంలో ఆపరేషన్ గది నడిపిన నర్సమ్మ ఇక్కడ వృద్ధాశ్రమంలో దుప్పట్లు మారుస్తుంది. ఇలాంటి వాళ్లని పత్రికలు ముద్దుగా వలసపక్షులంటాయి. ఏ పక్షమూ పక్కన నిలబడని పక్షులు. ఆరేళ్లుగా వాళ్లది ఒకటే గోల. మా గురించి చట్టాలు చేసే బల్ల దగ్గర మాకూ ఒక కుర్చీ వెయ్యండి. బల్ల గుద్ది చెబుదామంటే ముందు బల్ల అందాలి కదా.

ఇవాళ అందబోతోంది. విధాన కమిటీలో ఓటుతో సహా ఒక స్థానం. దానికి సంఘం మాస్టారి పేరు పంపింది. షరతు ఒక్కటే. మనిషి కాగితాల్లో ఒక్క అబద్ధం దొరికినా సంఘానికి స్థానం రద్దు, ఆ మనిషి వచ్చిన చోటికే తిరుగు ప్రయాణం.

"మనందరిలో కడిగిన ముత్యంలాంటి కాగితాలు మీవే. నా కాగితాల్లో మూడు పుట్టినరోజులున్నాయి. ఏడాదికి మూడేళ్లు ముసలిదాన్నవుతున్నాను" అంది నర్సమ్మ.

మాస్టారు నవ్వబోయి మానేశాడు. కాగితాల మాట వస్తే ఆయన మాట మారుస్తాడు. సంతకం పెట్టినప్పుడల్లా తడిచెయ్యి ఒకటి వచ్చి మణికట్టు పట్టుకుంటుంది. రోజూ పొద్దున గడ్డం గీసుకుంటుంటే అద్దంలోంచి దర్జీ చూస్తాడు.

తలుపు తెరుచుకుంది. గుమాస్తా నర్సమ్మ పేరు చదవడం మొదలుపెట్టాడు. పూర్తి చెయ్యలేదు.

"ఉన్నాను సార్." సూదీ దారమూ వేలాడుతుండగానే ఆమె నిటారుగా లేచి నిలబడింది.

గుమాస్తా బెదిరిపోయాడు. "సంతకానికి పిలిచానండీ, అంతే."

"మాకదొక జబ్బు బాబూ" అంది నర్సమ్మ సిగ్గుపడుతూ.

పడవలెక్కే ముందు సరిహద్దు శిబిరాల్లో అంటుకున్న జబ్బు. రోజుకి రెండు హాజర్లు. పేరు పూర్తయ్యేలోగా 'ఉన్నాను సార్' అనకపోతే ఆ పూట రొట్టె లేదు. ఏళ్లు గడిచినా, బ్యాంకులోనైనా ఆసుపత్రిలోనైనా పేరు చెవిన పడితే చాలు. ముందు కాళ్లు లేస్తాయి, తర్వాత నోరు లేస్తుంది, బుర్ర ఎప్పుడో ఆఖరి బండికి వస్తుంది.

మాస్టారు దారం పంటితో తెంపాడు. లోపలికి వెళ్లారు.

పొడుగాటి బల్ల. తొమ్మిదిమంది సభ్యులు, పది కుర్చీలు. పదో కుర్చీని మాస్టారు చేత్తో తడిమి చూసి కూర్చున్నాడు. అభ్యంతరాలు రెండు వచ్చాయి, రెండూ వీగిపోయాయి. స్థానం ఖాయమైంది. ఇక రిజిస్టరులో ఆయన సంతకమే మిగిలింది.

"సంతకానికి ముందు, పడవలో పోయినవాళ్ల పేర్లు చదువుతామన్నారు కదా" అన్నాడు కమిటీ అధ్యక్షుడు.

మాస్టారు జేబులోంచి మడత కాగితం తీశాడు. నలభై ఒక్క పేర్లు. ఆయన రాసిన జాబితా. ఏటా ఇదే భవనం మెట్ల మీద నిలబడి ఆయనే చదువుతాడు, ఇంకొకరి చేతికివ్వడు. పదిహేడో పేరు దగ్గర గొంతు తడబడుతుంది. అది దర్జీ పేరని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు.

ఆయన గొంతు సవరించుకునేలోగా నర్సమ్మ లేచింది.

"అయ్యా, ఒక్క మనవి. ఆరేళ్లుగా మా పేర్లు మేమే చదువుకుంటున్నాం, మేమే వింటున్నాం. ఈ ఒక్కసారి మీ నోటితో చదవండి."

"వద్దమ్మా" అన్నాడు మాస్టారు. ఆ మాట ఆయనకే వినపడలేదు.

అధ్యక్షుడు ఒక్క క్షణం ఆలోచించాడు. "న్యాయమే" అని బల్ల మీదుగా చెయ్యి చాపాడు. మాస్టారి వేళ్లు కాగితాన్ని వదల్లేదు. నర్సమ్మ ఆయన భుజం నిమిరి, మెల్లగా విడిపించి, అటు అందించింది.

అధ్యక్షుడు ఒక్కో పేరూ పదిలంగా, కొత్త భాషలో పిల్లాడు కూడబలుక్కున్నట్టు చదివాడు. పేరు పేరుకీ గుమాస్తా రిజిస్టరులో ఎక్కించాడు. హాల్లో కలం గీరుకునే చప్పుడొక్కటే. నర్సమ్మ కళ్లు తుడుచుకుంది. మాస్టారు రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకున్నాడు, పడవ అంచులు పట్టుకున్నట్టు.

పద్నాలుగు. పదిహేను. పదహారు.

అధ్యక్షుడు కాగితం తిప్పి, కళ్లజోడు సర్దుకుని, ఆరేళ్లుగా మాస్టారి నోట తప్ప మరెవరి నోటా వినపడని ఆ పదిహేడో పేరు అందుకున్నాడు.

పేరు ఇంకా సగంలో ఉండగానే, పదో కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగింది. మాస్టారు నిటారుగా లేచి నిలబడి, "ఉన్నాను సార్" అన్నాడు.