బాగానే ఉన్నానమ్మా

రాసుకో తల్లీ, నాకు అక్షరం ముక్క రాదు. ఈ ఫిర్యాదు నీ మీదే. మీ వృద్ధుల సంక్షేమ ఆఫీసులో రాసిపెట్టేదానివి నువ్వొక్కదానివే గనక నువ్వే రాయాలి.

సముద్రం ఒడ్డున మా వీధిని కూల్చి మేడలు కట్టారు. మా ముసలివాళ్లను తలా ఒక అంతస్తులో పెట్టారు. వీధిలో ఉన్నప్పుడు మా తోడికోడలు దగ్గితే గోడ ఇవతల నాకు వినపడేది. ఇప్పుడు మా బాగోగులు కనుక్కోవడానికి రోజూ నువ్వు ఫోను చేస్తావు.

మొన్న మా తోడికోడలు స్నానాలగదిలో జారిపడింది. మీరిచ్చిన ఫోను మెడలోనే ఉంది. "ఎలా ఉన్నారు మామ్మగారూ?" అని అడిగావు. "బాగానే ఉన్నానమ్మా" అంది. బాగుందని రాసుకుని పెట్టేశావు. సాయంత్రం నేను వెళ్లేదాకా తడినేల మీదే పడి ఉంది. తుంటి విరిగింది. ఇక నడవదన్నారు.

"ఆవిడే అలా చెప్తే నేనేం చెయ్యను మామ్మగారూ?" అంటావేం? "బాగున్నాను" అంటే బాగున్నట్టు. "బాగానే ఉన్నాను" అంటే వచ్చి చూడమని. పడిపోయానని పరాయిపిల్లకి చెప్పుకోవడం మాకు చేతకాదు. మీ అమ్మ నీతో అలా అంటే ఊరుకుంటావా? ఆ చెవులు పోగులు పెట్టుకోవడానికేనా?

ఫోను కట్టిపెట్టి మనిషిని పంపండి. వచ్చి తలుపు తట్టాలి, మొహం చూడాలి. అంతే నా ఫిర్యాదు. వేలిముద్ర ఎక్కడ వెయ్యను?

ఏమిటీ, తను ఆస్పత్రిలో ఉంటే నేనెలా ఉన్నానంటావా?

నాకేం తల్లీ, బాగానే ఉన్నాను.

అదేం, కలం ఆపేశావు?