అద్దం మీద చార

బాల్టిమోర్‌లో అంతరిక్ష కేంద్రపు రాత్రి షిఫ్టు. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు పంపిన బొమ్మ చూసి వాండా ముక్కు చిట్లించింది. వందల కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరిన నక్షత్రాల వెలుగు మీద, అద్దాన్ని ఎవరో నాకినట్టు, జిగట చార.

పక్క కుర్చీలో తోటి ఉద్యోగి డెల్రాయ్ పీతలు తింటూ, కొవ్వు అంటిన వేళ్ళు జుర్రుకుంటున్నాడు.

"మంచు పట్టిందిలే తల్లీ. అద్దాన్ని కాస్త వెచ్చబెడితే ఆవిరైపోతుంది. ఎప్పుడూ చేసేదేగా!"

"ఛీ, ముందు ఆ చప్పుడు ఆపు! రోత పుడుతోంది" అంటూనే వాండా హీటర్లు వేయించింది.

తర్వాతి బొమ్మలో చార రెండింతలైంది. అంచుల్లో నురగ.

ఆమె వెంటనే హీటర్లు ఆపించి, టెలిస్కోపు మూత మూయించి, మళ్ళీ బొమ్మ తీయించింది. వెలుగు చొరబడదు కనుక అంతా చీకటే రావాలి.

చార కనిపించింది. ఈసారి అది మూత లోపలివైపుకూ పాకింది.

డెల్రాయ్ వేళ్ళు నోట్లోనే ఉండిపోయాయి.

"హీటర్లు నిజంగా ఆగాయా వాండా? అదేదో వెచ్చదనానికి పెరుగుతోంది!"

"ఆపి గంటయింది."

తెర మీద అద్దం వేడిని చూపే అంకె ఇంకా ఎక్కుతూనే ఉంది. చివరికి ముప్ఫై ఏడు డిగ్రీల దగ్గర, సరిగ్గా మనిషి నోటి వెచ్చదనం దగ్గర ఆగింది.