స్లీపింగ్ బ్యాగులో బుల్లిరాజు

"పడుకోండి" అంది శ్రీదుర్గ, దుకాణం నేల మీద పరిచిన స్లీపింగ్ బ్యాగు చూపించి.

బుల్లిరాజు దాని వంక బెదురుగా చూశాడు. పేరుకే బుల్లిరాజు. ఆరడుగుల మనిషి, అందుకు తగ్గ ఒళ్ళు. ఇంట్లో అయితే ఫ్యాను కింద కాళ్ళూ చేతులూ తలో దిక్కుకీ పారేసి పడుకుంటాడు. లిఫ్టు తలుపు మూసుకుంటేనే ఊపిరాడదు. అలాంటివాణ్ణి పట్టుకుని, రాజమండ్రి ఎండల్లో, మంచుకొండల కోసం కుట్టిన సంచీలోకి దూరమంటోంది.

"తల ఉత్తరానికి వస్తుంది. అలా పడుకోకూడదు" అన్నాడు.

షాపు ఓనరు ఏసుపాదం బ్యాగు రెండు కొసలూ పట్టుకుని చటుక్కున తిప్పేశాడు. "ఇప్పుడు దక్షిణమండి. పడుకోండి సార్."

వారం నుంచీ ఇదే వరస. శ్రీదుర్గ పనిచేసే స్కూల్లో వేసవి సెలవులకి హిమాలయాల్లో ట్రెక్కింగ్ అనుకున్నారు. "అలాగేనండి మేడమ్, రెండు పేర్లూ రాయించేశాను" అని ఆవిడ ఫోనులో అనడం బుల్లిరాజు తన చెవులతో విన్నాడు. అప్పటి నుంచీ అన్నం సహించడం లేదు. పొలంలో దాళ్వా వరికోతలన్నాడు. "అప్పటికి అయిపోతాయిగా" అంది. మోకాళ్ళ నొప్పులన్నాడు. "నూనె రాస్తాను" అంది. రానని నోరు విప్పి చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది. ఇక మిగిలిన ఆశల్లా ధర ఒక్కటే.

దూరాడు. ఏసుపాదం మోకాళ్ళ మీద కూర్చుని జిప్పు లాగాడు. అది కాళ్ళు దాటింది, పొట్ట దగ్గర కాస్త మొరాయించింది, గడ్డం కిందికొచ్చి ఆగిపోయింది. ఇక పైకి రాదు, కిందికి పోదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. నెత్తి మీద ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది.

"దుర్గా, తియ్యమను" అన్నాడు బుల్లిరాజు నీరసంగా.

"ఒక్క నిమిషం ఓర్చుకోండి. కాలివేళ్ళు చివర తగులుతున్నాయా?"

"లేదు."

"భుజాల దగ్గర?"

"నా ప్రాణాలన్నీ అక్కడే ఉన్నాయి."

"అయితే సరిపోయింది" అని ఆవిడ ఏసుపాదం వైపు తిరిగింది. "ఎంతండీ ఇది?"

"మూడు వేలండి. పెద్ద సైజు ఇదొక్కటే ఉందండి. ఎంత చలికైనా ఆగుద్దండి."

"రెండు వేలు దాటకూడదండి. ఇచ్చిన దాంట్లోనే కొనాలి. రూపాయి ఎక్కువైనా నేను జవాబు చెప్పుకోవాలి."

ఎవరికి చెప్పుకోవాలో బుల్లిరాజుకి అంతుపట్టలేదు. ఇంట్లో డబ్బు పెత్తనమంతా ఆవిడదే. అయినా ఆశ చావక, "రెండు వేలకి రాదులే, పోదాం పద" అన్నాడు. పోవడానికి కాళ్ళు తన చేతిలో లేవన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఒళ్ళంతా ఉడికిపోతోంది. ఈగ ఒకటి వచ్చి ముక్కు మీద వాలింది. తోలడానికి చెయ్యి రాదు. హెల్మెట్ కోసం వచ్చినాయన ఎవరో అతన్ని దాటుకుని వెళ్ళి, తప్పనిపించిందేమో, మళ్ళీ వెనక్కి దాటాడు. కొండ మీద, చీకట్లో, రాత్రంతా ఇలాగే ఉండాలి కాబోలు అనుకుంటే బుల్లిరాజుకి ఏడుపొచ్చినంత పనైంది.

"కత్తెరుంటే కోసెయ్యండి బాబూ" అన్నాడు.

"కోస్తే కొన్నట్టేనండి" అన్నాడు ఏసుపాదం.

"కత్తెర ముట్టుకోకండి" అంది శ్రీదుర్గ. "ముందు ధర తేల్చండి. ఇరుక్కుపోయే జిప్పుకి మూడు వేలా?"

"జిప్పు మంచిదేనండి. సారు ఒళ్ళు చూశారు కదండీ. జిప్పు మాత్రం ఏం చేసుద్దండి?"

"మా ఆయన ఒంటికేమైంది? మనిషన్నాక ఆ మాత్రం ఉండరా? నాసిరకం జిప్పు పెట్టి మనిషిని అంటారేంటండీ?"

బుల్లిరాజు కళ్ళు పైకెత్తి పెళ్ళాం వంక చూశాడు. తన ఒంటి గురించి ఆవిడ ఒక మంచి మాట అనగా వినడం అదే మొదలు. మనసు కరిగిపోయింది. పెళ్ళైనప్పటి నుంచీ ఆవిడ చేసిన ప్రయాణాలంటే ఆత్రేయపురంలో పుట్టిల్లూ, రాజమండ్రిలో ఆసుపత్రులూను. ఇన్నాళ్ళకి నోరు తెరిచి ఒక్క కోరిక కోరితే, దాన్ని ఎలా ఎగ్గొట్టాలా అని వారం నుంచీ దారులు వెతుకుతున్నాడు తను. సిగ్గేసింది.

ఏసుపాదం దిగొచ్చాడు. "ఆయ్, రెండు వేలే ఇవ్వండి. కొవ్వొత్తి తెచ్చి జిప్పుకి రాస్తానండి, అదే కదులుద్ది" అంటూ లోపలికి వెళ్ళాడు.

"దుర్గా" అన్నాడు బుల్లిరాజు. "ఇదే తీసుకో. ఇరుకైనా, చలైనా నేను ఎలాగోలా పడుకుంటాలే. ఊపిరాడకపోయినా పర్లేదు. నువ్వు ఆ కొండలు చూస్తే చాలు నాకు."

శ్రీదుర్గ వంగి, ముక్కు మీది ఈగని తోలి, పమిట చెంగుతో అతని మొహం తుడిచింది.

"లేడీస్ ట్రిప్పుకి మీరెలా వస్తారండీ? ఇది మా హెడ్‌మిస్ట్రెస్ సుబ్బాయమ్మ గారికి. ఆవిడదీ మీ ఎత్తే, మీ ఒళ్ళే. అంత పెద్దావిడ షాపులో నేల మీద పడుకుని చూసుకుంటే ఏం బాగుంటుందని, కొలతకి మిమ్మల్ని తీసుకొచ్చాను."