పల్లకిలో నవ్వు

"ఇయ్యాల తేలిపోతది పెద్దాయనా," అన్నాడు శ్రీకృష్ణ, గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూనే. "నళినాక్షమ్మే వస్తున్నది. జూబ్లీహిల్స్‌ల కారెక్కిందట."

అచ్యుతరామయ్య కాఫీ గ్లాసు నోటిదాకా తెచ్చి, తాగకుండానే కింద పెట్టేశాడు.

ఫిల్మ్‌నగర్‌లో సూర్యప్రకాశరావు గారి ఫ్లాటులో ఆదివారం పొద్దున్నే పాత సినిమాల పిచ్చివాళ్ళు పోగవుతారు. అందరికీ ఒకటే దేవత, నళినాక్షి. ఆవిడ పెద్ద సినిమాల ఊసు అక్కడ ఎవరూ ఎత్తరు. అవి లోకమంతా చూసినవే. వారం ఆడి డబ్బాల్లోకి పోయినవీ, ప్రింటు దొరకనివీ, పోస్టరు ముక్క కూడా మిగలనివీ, వాటి గురించే వాదులాట. ఎవరు ఎంత మారుమూల సినిమా చూసి ఉంటే వాళ్ళకంత మర్యాద.

ఆ లెక్కన కిటికీ పక్క పేము కుర్చీ అచ్యుతరామయ్యది. 'పన్నీటి పల్లకి' చూశానన్నవాడు ఆ గదిలో ఆయనొక్కడే మరి.

చూడ్డమంటే అలా ఇలానా! తణుకులో నేల టిక్కెట్టు. ఆఖరి రీలు. అత్తారింటికి పోతున్న నళినాక్షి పల్లకితో సహా వరద ఏట్లో కొట్టుకుపోతుంది. గట్టున బోయీలు లబోదిబోమంటారు. ఆవిడ ఏడవదు. పల్లకి తెర పక్కకి తీసి నవ్వుతుంది. ఆ నవ్వుకి హాల్లో ఆడవాళ్ళు మూర్ఛపోతుంటే, మర్నాటి నుంచి సోడాబండి తెర కిందే నిలబెట్టారుట.

మూడేళ్ళుగా ఇదే చెబుతున్నాడు. చెప్పినప్పుడల్లా ఏరు ఇంకాస్త పొంగేది.

అసలు సంగతేమిటంటే, ఆ సీను ఆయన చూసింది కాదు. అల్లింది.

శ్రీకృష్ణకి మొదట్నుంచీ అనుమానమే. ఎర్రగడ్డ నుంచి మెట్రో ఎక్కి వచ్చేదే ఈయన్ని పొడవడానికన్నట్టుంటాడు. "గంత వరదల కెమెరా యాడ పెట్టిండ్రు? చేప కడుపులనా?" అని ఓసారి అడిగాడు కూడా.

భార్య పోయాక, "తర్వాతేమైందండీ?" అని అచ్యుతరామయ్యని అడిగే చోటు లోకంలో ఇదొక్కటే మిగిలింది. ఇవాళ నళినాక్షి "అలాంటి సీనేం లేదే" అందంటే, పేము కుర్చీతోపాటు అదీ పోతుంది. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. మెట్ల మీద ఆవిడే ఎదురొస్తే? కూర్చుండిపోయాడు.

సూర్యప్రకాశరావు మనవరాలు గీతిక, నళినాక్షి ఫొటో ముందు ఊదొత్తులు వెలిగించి, ఆ పెట్టె బల్ల మీద పెట్టింది. "పాత రకం మళ్ళీ కృష్ణానగర్‌లో దొరికింది తాతగారూ. మీరు మొట్టమొదట వచ్చిన రోజు ఇవే వెలిగించాం," అంది పేము కుర్చీ వైపు తిరిగి.

అచ్యుతరామయ్య పెట్టె వంక చూశాడు. చటుక్కున తీసి లాల్చీ జేబులో వేసుకున్నాడు.

"అయ్యో, అది మీకెందుకండీ?"

"పొగ పడదమ్మా నాకు."

"పొగ వచ్చేది వత్తుల్లోంచి కదండీ, పెట్టెలోంచి కాదుగా!"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వబోయాడు. జేబులోంచి చెయ్యి మాత్రం తీయలేదు.

కాలింగ్ బెల్ మోగింది.

నళినాక్షి వచ్చింది. ముగ్గుబుట్టలాంటి తల, గంజిపెట్టిన వెంకటగిరి చీర. అందరూ లేచి నిలబడితే చేత్తోనే కూర్చోమంది. "ఎన్ని వేషాలు వేశానో నాకే లెక్క లేదు నాయనా. పేరు మీరు చెప్పండి, అదే గుర్తొస్తుంది."

శ్రీకృష్ణ ఆగలేదు. "అమ్మా, జర నిజం చెప్పున్రి. 'పన్నీటి పల్లకి'ల మీరు పల్లకితోటి ఏట్ల కొట్టుకపోయే సీను ఉన్నదా, లేదా?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. అచ్యుతరామయ్య అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కబోయి, ఏమని మొక్కాలో తోచక ఊరుకున్నాడు.

"ఉంది," అందావిడ.

చప్పట్లు. శ్రీకృష్ణ మొహాన నెత్తురు చుక్క లేదు.

అచ్యుతరామయ్యకి ప్రాణం లేచి రావాలి. రాలేదు.

"ఆ నీళ్ళ చలి ఇప్పటికీ నా వేళ్ళలో ఉంది," ఆవిడ చెప్పుకుపోతోంది. "డైరెక్టరు గారేమో ఏడవమన్నారు. నాకు నవ్వొచ్చేసింది."

"ఈయనా అదే చెబుతారండీ! నవ్వారనే!" సూర్యప్రకాశరావు చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

"ఎందుకు నవ్వానో చెప్పారా?" ఆవిడ మెల్లగా తల తిప్పి అచ్యుతరామయ్య కళ్ళలోకి చూసింది. "గట్టు మీద జనంలో ఒక కుర్రాడు. గొడుగు తిరగబడి దాన్నిండా వాననీళ్ళు. అది కూడా తెలీకుండా నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. ఆ నోరు ఇంకా అలాగే ఉందండీ. మీరేగా?"

ఆయన నోరు టక్కున మూసుకున్నాడు.

శ్రీకృష్ణ లేచి వచ్చి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. "తప్పయింది పెద్దాయనా. మస్తు మాటలన్న."

అచ్యుతరామయ్య ఒంటి చేత్తోనే అతన్ని లేవనెత్తాడు.

జేబులో ఆయన వేళ్ళు నలిపేస్తున్న ఊదొత్తుల పెట్టె మీద, మూడేళ్ళ కిందట ఇదే గదిలో ఎవరూ చూడని సినిమా ఒకటి చెప్పి తీరాలన్న ఉబలాటంలో ఆయన గబుక్కున పైకి చదివేసిన రెండు మాటలు అచ్చేసి ఉన్నాయి: 'పన్నీటి పల్లకి'.